ప్రైవేట్ క్లౌడ్‌లో వీఎంల మధ్య గట్లు: నెట్‌వర్కులను అమర్చి విడదీసే సమగ్ర మార్గదర్శి

నెల్లూరు తీరంలో రొయ్యలు సాగుచేసేవారికి ఒక గుంటలో తెల్లమచ్చ అనే వైరస్ రోగం కనబడితే ఏం చేయాలో తెలుసు. ఆ గుంట నీటిని పక్క గుంటలోకి పోనివ్వరు. ప్రతి గుంటకూ వేరే గట్టు, వేరే తూము, పీతలు దాటకుండా చుట్టూ కంచె, పైన పక్షుల వల ఉంటాయి. ఒక గుంటలో దించిన వలను కడగకుండా ఇంకో గుంటలో దించరు. 1990ల నడుమ ఆ వైరస్ టైగర్ రొయ్యను ఊడ్చేసినప్పుడు కష్టపడి నేర్చుకున్న జాగ్రత్త ఇది. కానీ అవే రొయ్యలను శుభ్రం చేసి, గడ్డకట్టించి, ఎగుమతి చేసే ప్లాంట్ల సర్వర్ గదుల్లోకి వెళ్లి చూడండి. అకౌంట్స్ వీఎం (వర్చువల్ మెషీన్, అంటే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన విడి కంప్యూటర్), కెమెరాల వీఎం, కోల్డ్ స్టోరేజీ ఉష్ణోగ్రతలు నమోదుచేసే వీఎం, వచ్చిపోయేవారికి ఇచ్చే వైఫై అన్నీ చాలా చోట్ల ఒకే నీటిలో ఉంటాయి.

అలాంటి ఒక ప్లాంటులో నా కళ్లముందే జరిగిన సంగతి చెబుతాను. ప్యాకింగ్ హాలులో వైఫై అందడం లేదని ఎవరో ఒక చిన్న రౌటర్ కొని తెచ్చి గోడ సాకెట్‌కు తగిలించారు. రెండు రోజులు ఏమీ కాలేదు. మూడో రోజు తెల్లవారుజామున కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోగా పరికరాలన్నీ ఆగి మళ్లీ లేచాయి, లేవగానే ఐపీ అడ్రసు అడిగాయి. ఆ అడ్రసులు పంచే అసలు డీహెచ్‌సీపీ సర్వర్ ఒక వీఎంలో ఉంది, అది ఇంకా బూట్ అవుతోంది. చిన్న రౌటర్ మాత్రం క్షణాల్లో సిద్ధమై అందరికీ తన అడ్రసులు పంచిపెట్టింది. కోల్డ్ స్టోరేజీలోని ఉష్ణోగ్రత మీటర్లు వాటిని రికార్డు చేసే వీఎంకు కనబడకుండా పోయాయి. సరుకు మైనస్ 18 డిగ్రీల దగ్గర క్షేమంగానే ఉంది. క్షేమంగా ఉందని చూపాల్సిన రికార్డు మాత్రం నాలుగు గంటలపాటు ఖాళీ. పోర్టుకు కంటైనర్ వెళ్లాల్సిన రోజు కూడా అదే. రౌటర్ పెట్టిన మనిషిని నేను తప్పుపట్టను. గోడ సాకెట్‌కూ సర్వర్ గదిలోని వీఎంకూ మధ్య ఒక్క గట్టు కూడా వేయనిది మేమే.

ఆ తర్వాత ఆ నెట్‌వర్క్‌ను మొదటినుంచీ ఎలా కట్టామో అదే క్రమంలో రాస్తున్నాను. మూడు సర్వర్లు, ఒక్కొక్క దానికి నాలుగు నెట్‌వర్క్ పోర్టులు, వీల్యాన్‌లు (ఒకే స్విచ్‌ను సంఖ్యలతో విడి నెట్‌వర్కులుగా చీల్చే పద్ధతి) తెలిసిన 24 పోర్టుల స్విచ్ ఒకటి, సర్వర్ల మీద వీఎంలను నడిపే ప్రాక్స్‌మాక్స్ వీఈ. ఇదే మా ప్రైవేట్ క్లౌడ్. మెనూల పేర్లు 8, 9 వెర్షన్లవి. మీ దగ్గర ఓపెన్‌స్టాక్ ఉన్నా వీఎంవేర్ ఉన్నా నొక్కే బటన్లు మారతాయి కానీ వేయాల్సిన గట్లు ఇవే.

మొదలుపెట్టే ముందు ఒక భ్రమ తీరాలి. అకౌంట్స్‌కు 192.168.10 సిరీస్, కెమెరాలకు 192.168.20 సిరీస్ ఇచ్చి రెండూ వేరయ్యాయనుకోవడం నేను లెక్కలేనన్ని చోట్ల చూశాను. ఒకే స్విచ్‌లో, ఒకే బ్రిడ్జ్‌లో (సర్వర్ లోపల వీఎంలను కలిపే సాఫ్ట్‌వేర్ స్విచ్) ఉన్నంతకాలం అవి వేరు కావు. కెమెరా వీఎంలోకి చొరబడినవాడు తన ఐపీని 10 సిరీస్‌లోకి మార్చుకుంటే చాలు, అకౌంట్స్ గుమ్మంలో నిలబడతాడు. అందరికీ వెళ్లే బ్రాడ్‌కాస్ట్‌లు, ఫలానా ఐపీ ఎవరిదని అడిగే ఏఆర్‌పీ అభ్యర్థనలు, డీహెచ్‌సీపీ కేకలు అడ్రసు సిరీస్ చూసి ఆగవు, వీల్యాన్ హద్దు దగ్గరే ఆగుతాయి.

మొదటి మెట్టు: ఎవరు ఎవరితో మాట్లాడాలి

కంప్యూటర్ తెరవకండి. ఒక పెద్ద కాగితం మీద అడ్డంగా, నిలువుగా అన్ని రకాల వీఎంలనూ పరికరాలనూ రాసి, ప్రతి గడిలో ఒక ప్రశ్నకు జవాబు రాయండి: దీనికి దానితో ఏం పని, ఏ పోర్టు (తీగ తగిలించేది కాదు, సేవకు ఉండే సంఖ్య) మీద? జవాబు లేని గడిలో గీత కొట్టండి. మా కాగితంలో ముప్పాతిక వంతు గళ్లు గీతలే అయ్యాయి. ప్లాంటు ఉష్ణోగ్రత మీటర్ల నుంచి 502 పోర్టు మీద చదవాల్సింది ఒక్క రికార్డర్ వీఎం. కెమెరాల 554 పోర్టును చూడాల్సింది ఒక్క రికార్డింగ్ వీఎం. అకౌంట్స్ వీఎంను ఆఫీసు కంప్యూటర్లు తప్ప ఇంకెవరూ అడగనక్కర్లేదు.

502 పోర్టు గురించి ఒక్క మాట. అది మోడ్‌బస్ టీసీపీది. మోడ్‌బస్ 1979లో ఫ్యాక్టరీ యంత్రాల కోసం పుట్టింది, అందులో పాస్‌వర్డ్ అనే ఊహే లేదు. ఆ పోర్టుకు చేరగలిగినవారెవరైనా విలువలు చదవగలరు, పరికరం ఒప్పుకుంటే మార్చనూ గలరు. అలాంటి యంత్రానికి నెట్‌వర్క్ గట్టు ఒక్కటే రక్షణ. అందుకే ఈ కాగితం మీద రెండు రోజులు పట్టినా ఫరవాలేదు. ఇది తొందరగా ముగించినవారు తర్వాత ఫైర్‌వాల్ రూల్స్ ఊహించి రాయాల్సి వస్తుంది, ఊహించి రాసిన రూల్స్ ఎప్పుడూ అవసరానికి మించి వదులుగా ఉంటాయి.

కాగితం నుంచి మాకు తేలిన వీల్యాన్‌లు ఇవి:

10 – నిర్వహణ: సర్వర్ల వెబ్ పేజీ, స్విచ్, సర్వర్ల విడి కన్సోల్ పోర్టులు
20 – క్లస్టర్: మూడు సర్వర్లు తమలో తాము మాట్లాడుకునే దారి
30 – అకౌంట్స్, ఎగుమతి పత్రాలు
40 – ప్లాంటు: ఉష్ణోగ్రత మీటర్లు, వాటి రికార్డర్ వీఎం
50 – కెమెరాలు, రికార్డింగ్ వీఎం
60 – ఆఫీసు కంప్యూటర్లు, గుమాస్తాల డెస్క్‌టాప్ వీఎంలు
70 – అతిథుల వైఫై
90 – ఇంటర్నెట్ లైను
999 – వాడని పోర్టులు

వీల్యాన్ సంఖ్యకు 802.1క్యూ ప్రమాణంలో 12 బిట్లు ఉంటాయి. వాడుకోదగినవి 1 నుంచి 4094 వరకు. ఒకటో నంబరును ముట్టుకోకండి, చాలా స్విచ్‌లు కొత్త పోర్టులన్నింటినీ మొదట అందులోనే పడేస్తాయి. పదుల ఎడం ఉంచితే రేపు ప్రయోగశాలకు ఇంకో నెట్‌వర్క్ కావాలన్నప్పుడు 45 ఇవ్వవచ్చు.

అడ్రసుల్లో మూడో సంఖ్య వీల్యాన్ సంఖ్యే ఉండేలా చూసుకున్నాం: 30కి 10.20.30.0/24, 40కి 10.20.40.0/24. అర్ధరాత్రి లాగ్‌లో ఒక అడ్రసు కనబడినా ఏ గట్టు లోపలిదో వెంటనే తెలుస్తుంది. 192.168.0, 192.168.1 సిరీస్‌లను కావాలనే వదిలేశాం. ఇళ్లలోని రౌటర్లలో ఎక్కువభాగం వాటినే వాడతాయి. కావలిలో ఇంటి దగ్గర కూర్చుని వీపీఎన్‌తో (ఇంటర్నెట్ మీద వేసే రహస్య సొరంగం) కలిసే ఉద్యోగికి ఇంటి అడ్రసులూ ఆఫీసు అడ్రసులూ ఒకటే అయితే, ప్యాకెట్ ఇంటి గుమ్మం కూడా దాటదు.

రెండో మెట్టు: స్విచ్

ఇది సులువైన పని, తప్పులు దొర్లేదీ ఇక్కడే. ప్రతి సర్వర్ మొదటి పోర్టు వెళ్లే స్విచ్ పోర్టును 10లో యాక్సెస్ పోర్టుగా (ఒకే వీల్యాన్‌కు చెందిన పోర్టు), రెండోదాన్ని 20లో యాక్సెస్ పోర్టుగా పెట్టండి. మూడు, నాలుగు పోర్టులను ఎల్‌ఏసీపీతో (రెండు తీగలను ఒకటిగా వాడే పద్ధతి) జతచేసి ట్రంక్ చేయండి, అంటే ప్యాకెట్లకు సంఖ్య ట్యాగు తగిలించి చాలా వీల్యాన్‌లను మోసే దారి. ఆ ట్రంక్‌లో 30, 40, 50, 60, 70, 90 మాత్రమే ట్యాగుతో వెళ్లాలి. అన్ని వీల్యాన్‌లనూ అనుమతించే సెట్టింగ్‌ను వదిలేయకండి. ట్రంక్ నేటివ్ వీల్యాన్‌ను 999 చేయండి. ట్యాగు లేకుండా వచ్చిన ప్యాకెట్ ఏదైనా ఎవరూ లేని పాడుబావిలో పడుతుంది, రెండు ట్యాగులు తగిలించి హద్దు దాటించే పాత ఎత్తుగడకూ దారి మూసుకుంటుంది. వాడని పోర్టులను 999లో పెట్టి, ఆపేయండి కూడా.

తర్వాత డీహెచ్‌సీపీ స్నూపింగ్. అడ్రసులు పంచే హక్కు ఏ పోర్టుకు ఉందో స్విచ్‌కు చెప్పడమే ఇది. మా ప్యాకింగ్ హాలు రౌటర్‌ను ఈ ఒక్క సెట్టింగే ఆపేది. మన డీహెచ్‌సీపీ సర్వర్ వీఎంగా ఉంటుంది కాబట్టి సర్వర్ల ట్రంక్‌లను నమ్మదగినవిగా గుర్తించాలి. అంటే గోడ సాకెట్ల నుంచి వచ్చే దొంగ సర్వర్‌ను స్విచ్ ఆపుతుంది కానీ, ఒక వీఎం లోపల పుట్టినదాన్ని ఆపదు. దాని సంగతి ఆరో మెట్టులో చూద్దాం.

చివరగా సెట్టింగులను స్విచ్ శాశ్వత మెమరీలో సేవ్ చేయండి. చాలా స్విచ్‌లలో అమలు చేయడం వేరు, సేవ్ చేయడం వేరు. నవంబరులో వాయుగుండం వచ్చి కరెంటు పోయి తిరిగొచ్చాక వీల్యాన్‌లన్నీ మాయమైతే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

మూడో మెట్టు: సర్వర్‌లో బ్రిడ్జ్

ప్రాక్స్‌మాక్స్‌లో ఒక్కో సర్వర్ పేరు మీద నొక్కి, సిస్టమ్ కింద నెట్‌వర్క్ పేజీకి వెళ్లండి. ఇన్‌స్టాలేషన్‌లోనే ఏర్పడిన వీఎంబీఆర్0 బ్రిడ్జ్ మొదటి పోర్టు మీద 10.20.10 అడ్రసుతో, గేట్‌వేతో (బయటి నెట్‌వర్కులకు దారి ఇచ్చే అడ్రసు) ఉంటుంది. దాన్ని నిర్వహణకే ఉంచండి, ఒక్క వీఎంను కూడా దానికి తగిలించకండి. రెండో పోర్టుకు 10.20.20 అడ్రసు ఇవ్వండి, గేట్‌వే ఇవ్వకండి. క్లస్టర్‌ను కలిపి ఉంచే కోరోసింక్ ఆలస్యాన్ని సహించదు. బ్యాకప్ రద్దీలో దాని ప్యాకెట్లు చిక్కుకుంటే సర్వర్లు ఒకదాన్నొకటి చనిపోయాయనుకుంటాయి. అందుకే దానికి సొంత తీగ ఇచ్చాం. ఆ తీగ తెగినా బతకడానికి 10వ నెట్‌వర్క్‌ను రెండో లింకుగా చేర్చాం.

మూడు, నాలుగు పోర్టులతో బాండ్ (జత) సృష్టించి, రకం ఎల్‌ఏసీపీ పెట్టి, దాని మీద వీఎంబీఆర్1 అనే కొత్త బ్రిడ్జ్ కట్టండి. వీల్యాన్ అవేర్ గడిలో టిక్ పెట్టండి. వీల్యాన్ ఐడీల గడిలో ట్రంక్‌లో ఉన్న ఆరు సంఖ్యలు మాత్రమే రాయండి. ఐపీ అడ్రసు గడిని ఖాళీగా వదిలేయండి.

ఆ ఖాళీ గడి చాలా ముఖ్యం. వీఎంల నెట్‌వర్క్‌లో సర్వర్‌కు కూడా ఒక ఐపీ ఇస్తే పింగ్ చేసి చూసుకోవడానికి వీలుగా ఉంటుందని చాలామంది ఇస్తారు. ఇచ్చారంటే ఆ నెట్‌వర్క్‌లోని ప్రతి వీఎంకూ సర్వర్ నిర్వహణ పేజీ ఉండే 8006 పోర్టు, దూరం నుంచి ఆదేశాలిచ్చే ఎస్‌ఎస్‌హెచ్ ఉండే 22 పోర్టు నేరుగా తగులుతాయి, మధ్యలో ఏ రౌటరూ అడ్డురాదు. లినక్స్‌లో ప్యాకెట్ ఫార్వర్డింగ్ కూడా ఆన్‌లో ఉంటే, రెండు నెట్‌వర్కుల్లో కాళ్లున్న సర్వరే వాటి మధ్య కాలువ అవుతుంది. సర్వర్ తూము పక్కన నిలబడాలి, నీటిలో దిగకూడదు.

అప్లై నొక్కే ముందు పేజీ అడుగున మార్పుల జాబితా కనబడుతుంది. ఒక్కో పంక్తీ చదవండి. సర్వర్‌కు మానిటర్, కీబోర్డు తగిలించుకుని గాని, కన్సోల్ పోర్టు తెరిచి ఉంచుకుని గాని అప్పుడే అప్లై నొక్కండి. మూడు సర్వర్లలోనూ బ్రిడ్జ్ పేరు ఒక్కటే ఉండాలి, లేకపోతే వీఎంను ఒకదాని నుంచి మరొకదానికి మార్చలేరు.

నాలుగో మెట్టు: వీనెట్‌లు

ఇక్కడితో ఆగి, వీఎం నెట్‌వర్క్ కార్డులో వీఎంబీఆర్1 ఎంచుకుని ట్యాగు గడిలో 30 అని రాసినా పని జరుగుతుంది. అలా చేయవద్దని నేను గట్టిగా చెబుతాను. ఎవరైనా ట్యాగు గడి ఖాళీగా వదిలేస్తే వీల్యాన్ అవేర్ బ్రిడ్జ్ మీద ఆ వీఎం పోర్టు ట్రంక్‌గా మారుతుంది. అంటే వీఎం లోపలి మనిషి తనకు నచ్చిన ట్యాగు తానే తగిలించుకుని ఏ నెట్‌వర్క్‌లోకైనా వెళ్లగలడు. ఒక్క గడి మరచిపోతే గట్లన్నీ తెగిపోయే ఏర్పాటు ఎన్నాళ్లో నిలవదు.

దీనికి మందు ఎస్‌డీఎన్, అంటే నెట్‌వర్కులను సాఫ్ట్‌వేర్‌లో ఒకేచోట నిర్వచించే ఏర్పాటు. ప్రాక్స్‌మాక్స్ 8.1 నుంచి ఇది మామూలుగానే వస్తుంది. డేటాసెంటర్ కింద ఎస్‌డీఎన్, అందులో జోన్స్. కొత్త జోన్ రకం వీల్యాన్, బ్రిడ్జ్ వీఎంబీఆర్1. తర్వాత వీనెట్స్ పేజీలో 30 నుంచి 70 వరకు ప్రతి సంఖ్యకూ ఒక వీనెట్ (సంఖ్యకు బదులు పేరుతో ఎంచుకునే నెట్‌వర్క్) సృష్టించండి. పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు, వివరంగా రాయడానికి అలియాస్ గడి ఉంది. వీనెట్‌కు ఉండే వీల్యాన్ అవేర్ టిక్ పెట్టకండి. చివర ఎస్‌డీఎన్ ప్రధాన పేజీలో అప్లై నొక్కితే మూడు సర్వర్లకూ ఒకేసారి చేరుతుంది. ఈ అప్లై మరచిపోయి, వీనెట్ పనిచేయడం లేదని గంటలు గడిపినవారు చాలామంది ఉన్నారు.

ఇప్పుడు వీఎం సృష్టించేవారు సంఖ్య గుర్తుపెట్టుకోనక్కర్లేదు, అకౌంట్స్ అనే పేరు ఎంచుకుంటే చాలు. అనుమతుల పేజీలో ఎస్‌డీఎన్ వాడుక హక్కును వీనెట్ వారీగా ఇవ్వవచ్చు. కెమెరాలు చూసుకునే కుర్రవాడికి కెమెరాల వీనెట్ తప్ప జాబితాలో ఇంకేమీ కనబడదు. వీఎంబీఆర్1 మీద నేరుగా హక్కు నిర్వాహకులకు తప్ప ఎవరికీ ఇవ్వకండి.

అయిదో మెట్టు: తూము దగ్గర కాపలా

ఇప్పుడు నెట్‌వర్కులు పూర్తిగా వేరు. మాట్లాడాల్సినవి కూడా మాట్లాడుకోలేవు. వాటి మధ్య దారి ఒక్క చోటే ఉండాలి, అక్కడ కాపలా ఉండాలి. మేము ఓపీఎన్‌సెన్స్ అనే ఫైర్‌వాల్, రౌటర్ సాఫ్ట్‌వేర్‌ను ఒక వీఎంలో పెట్టాం. 30 నుంచి 70 వరకు ప్రతి వీల్యాన్‌కూ ఒక వర్ట్‌ఐవో (వీఎంల కోసం చేసిన) నెట్‌వర్క్ కార్డు, 90లో ఒకటి. ఈ ఒక్క వీఎంను మాత్రం వీనెట్‌లకు కాక నేరుగా వీఎంబీఆర్1కు, ఒక్కో కార్డుకు ఒక్కో ట్యాగుతో తగిలించాం. కారణం ఆరో మెట్టులో తెలుస్తుంది. లోపల హార్డ్‌వేర్ చెక్‌సమ్ ఆఫ్‌లోడ్ (ప్యాకెట్ తనిఖీ లెక్కను కార్డుకు అప్పగించడం) ఆపి ఉందో లేదో చూడండి. అది ఆన్‌లో ఉంటే పింగ్ వెళుతుంది, పేజీలు మాత్రం తెరుచుకోవు.

రూల్స్ రాసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: ప్యాకెట్ ఏ ఇంటర్‌ఫేస్ గుండా లోపలికి వస్తుందో అక్కడే రూల్ రాయాలి. పైనుంచి కిందికి చూస్తూ మొదట సరిపోయినదాన్నే అది పాటిస్తుంది. తిరుగు జవాబుకు వేరే రూల్ అక్కర్లేదు. మా 60వ నెట్‌వర్క్ రూల్స్ చదివితే పద్ధతి అర్థమవుతుంది. మొదటిది, గేట్‌వే దగ్గర డీఎన్‌ఎస్ (పేర్లను అడ్రసులుగా మార్చే సేవ) అడగవచ్చు. రెండోది, అకౌంట్స్ వీఎం అడ్రసుకు దాని పోర్టు ఒక్కటే అనుమతి. మూడోది, 10.0.0.0/8, 172.16.0.0/12, 192.168.0.0/16 అనే ప్రైవేట్ అడ్రసులన్నింటికీ నిషేధం, లాగ్ రాస్తూ. నాలుగోది, మిగిలిన అన్నిటికీ, అంటే ఇంటర్నెట్‌కు, అనుమతి. మూడు, నాలుగు తారుమారైతే అంతా తెరుచుకుంటుంది. ఇన్‌స్టాలేషన్‌లో మొదటి లోపలి ఇంటర్‌ఫేస్ మీద దానంతట అదే వచ్చే అన్నీ అనుమతించే రూల్‌ను కూడా తీసేయండి.

70వ నెట్‌వర్క్‌కు డీఎన్‌ఎస్, ఇంటర్నెట్ తప్ప ఏమీ లేదు. 40, 50లకు ఇంటర్నెట్ అసలే లేదు. కెమెరా కంపెనీ వాళ్లు ఫోనులో చూడాలంటే ఇంటర్నెట్ కావాలంటారు. ఇవ్వకండి. చూడాల్సినవారికి వీపీఎన్ ఇచ్చి రికార్డింగ్ వీఎం వరకే దారి ఇవ్వండి.

ఈ వీఎంకు ప్రారంభ వరుసలో మొదటి స్థానం ఇవ్వండి, సర్వర్ లేవగానే దానంతట అదే మొదలయ్యేలా పెట్టండి. డీహెచ్‌సీపీ కూడా ఇందులోనే ఉంటుంది కనుక కరెంటు పోయి వచ్చిన తెల్లవారుజామున తొందరగా సిద్ధం కావాల్సింది ఇదే. ఉష్ణోగ్రత మీటర్లకు మాత్రం స్థిర అడ్రసులే పెట్టాం, ఆ పాఠం ఒకసారి చాలు.

ఆరో మెట్టు: గుంట లోపల

ఒకే వీల్యాన్‌లోని రెండు వీఎంలు మాట్లాడుకుంటే ఆ ప్యాకెట్ ఓపీఎన్‌సెన్స్ దాకా రానే రాదు. 60లో పది డెస్క్‌టాప్ వీఎంలున్నాయి, ఒకదానికి వైరస్ తగిలితే తొమ్మిదింటికీ దారి తెరిచే ఉంటుంది. ఇక్కడ పనికొచ్చేది ప్రాక్స్‌మాక్స్ సొంత ఫైర్‌వాల్.

దాన్ని ఆన్ చేసే వరుస తప్పితే మీరే బయట పడతారు. ముందు డేటాసెంటర్ ఫైర్‌వాల్‌లో ఐపీసెట్ (అడ్రసుల జాబితా) పేజీకి వెళ్లి మేనేజ్‌మెంట్ అనే పేరుతోనే ఒక సెట్ సృష్టించి, నిర్వాహకుల కంప్యూటర్ల అడ్రసులు చేర్చండి. ఆ పేరున్న సెట్‌కు 8006, 22 పోర్టులు తెరిచి ఉంచడం దానికి అలవాటు. ఆ తర్వాతే డేటాసెంటర్ స్థాయిలో ఫైర్‌వాల్ ఆన్ చేయండి. లోపలికి వచ్చే దారి అప్పటినుంచి మూసి ఉంటుంది, ముందుగా అనుమతించినవి తప్ప.

వీఎంకు అమలు కావాలంటే టిక్ మూడు చోట్ల ఉండాలి: డేటాసెంటర్‌లో, ఆ వీఎం ఫైర్‌వాల్ ఆప్షన్స్‌లో, దాని నెట్‌వర్క్ కార్డులో. మూడింటిలో ఒక్కటి లేకపోయినా రూల్స్ అందంగా కనబడతాయి, పనిమాత్రం చేయవు. ఒకే రకం వీఎంలకు సెక్యూరిటీ గ్రూప్ (రూల్స్ కట్ట) రాసి తగిలిస్తే, రేపు మార్చాల్సినప్పుడు ఒక్కచోట మారిస్తే చాలు.

వీఎం ఆప్షన్స్‌లో మ్యాక్ ఫిల్టర్ (వీఎం వేరే కార్డు అడ్రసు పెట్టుకోకుండా ఆపేది) మామూలుగానే ఆన్‌లో ఉంటుంది, దాన్ని ముట్టుకోకండి. ఐపీ ఫిల్టర్‌ను మీరే ఆన్ చేయాలి. దానికి ముందు ఆ వీఎం ఐపీసెట్స్‌లో ఐపీఫిల్టర్ అనే మాట తర్వాత అడ్డగీత, ఆ తర్వాత కార్డు పేరు వచ్చేలా ఒక సెట్ సృష్టించి, ఆ వీఎం అడ్రసును అందులో రాయండి. అప్పుడు ఆ వీఎం ఇంకెవరి అడ్రసుతోనూ మాట్లాడలేదు. ఖాళీ సెట్‌తో ఆన్ చేస్తే అది తన సొంత అడ్రసుతో కూడా మాట్లాడలేదు. అడ్రసులు పంచే దొంగ వీఎం తన సొంత ఐపీతోనే పంచవచ్చు కనుక, ఓపీఎన్‌సెన్స్ తప్ప మిగిలిన వీఎంల నుంచి 67 పోర్టు నుంచి బయలుదేరే యూడీపీని బయటికి పోకుండా ఒక రూల్‌తో ఆపండి. స్విచ్ చేయలేని పని ఇక్కడ పూర్తవుతుంది.

డెస్క్‌టాప్ వీఎంలు ఒకదానితో ఒకటి అసలే మాట్లాడనక్కర్లేదు కాబట్టి 60వ వీనెట్‌లో ఐసొలేట్ పోర్ట్స్ అనే టిక్ కూడా పెట్టాం. అది పెడితే ఆ వీనెట్‌లోని వీఎం పోర్టులు ఒకదాన్నొకటి చూడవు. ఇక్కడ రెండు మెలికలు ఉన్నాయి. గేట్‌వే వీఎం కూడా అదే వీనెట్‌లో ఉంటే, అదే సర్వర్‌లోని వీఎంలకు గేట్‌వే కూడా కనబడదు. ఓపీఎన్‌సెన్స్‌ను నేరుగా వీఎంబీఆర్1కు తగిలించింది ఇందుకే. రెండోది, ఈ విడదీత ఒక సర్వర్ లోపలికే పరిమితం. మొదటి సర్వర్‌లోని డెస్క్‌టాప్, రెండో సర్వర్‌లోని డెస్క్‌టాప్‌ను చేరగలదు. కాబట్టి టిక్ పెట్టామని ఫైర్‌వాల్ రూల్ మానేయకండి.

ఏడో మెట్టు: దాటడానికి ప్రయత్నించండి

నీళ్లు పెట్టి చూడకుండా ఏ రైతూ గట్టు బాగుందని అనడు. చిన్న డెబియన్ లినక్స్ వీఎం ఒకటి తయారు చేసుకుని దాన్ని వీనెట్ నుంచి వీనెట్‌కు మారుస్తూ, మొదటి మెట్టు కాగితంలోని ప్రతి గడినీ పరీక్షించండి. గీత కొట్టిన గళ్లనే ఎక్కువగా పరీక్షించండి.

పింగ్‌ను నమ్మకండి. విండోస్ తన ఫైర్‌వాల్‌తో పింగ్‌ను సాధారణంగా తిరస్కరిస్తుంది. జవాబు రాలేదంటే మీ గట్టు ఆపిందో, అవతలి విండోస్ ఆపిందో తెలియదు. ఎన్‌మ్యాప్‌తో పోర్టులు తట్టండి. అదే సమయంలో అవతలి వీఎంలో, వచ్చిన ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ నడపండి. అక్కడికి ఒక్క ప్యాకెట్ కూడా చేరకపోతేనే గట్టు నిలిచినట్టు.

తర్వాత ఆ వీఎం లోపల 30 ట్యాగుతో ఒక ఉప ఇంటర్‌ఫేస్ సృష్టించి, 60 నుంచి అకౌంట్స్ గేట్‌వేను చేరగలదేమో చూడండి. చేరితే ఆ కార్డు వీనెట్‌కు కాక, ట్యాగు లేకుండా నేరుగా వీఎంబీఆర్1కు తగిలి ఉందేమో చూడండి. డీహెచ్‌సీపీ అభ్యర్థన పంపి ఎన్ని జవాబులు వస్తాయో లెక్కపెట్టండి, ఒక్కటే రావాలి. ఐపీవీ6ను మరచిపోకండి. ఐపీవీ4కు మాత్రమే రూల్స్ రాసి, వీఎంలు లోపల ఐపీవీ6 లింక్ లోకల్ అడ్రసులతో హాయిగా మాట్లాడుకుంటున్న నెట్‌వర్కులు నేను చూశాను.

చివరగా ఆ వీఎంను మూడు సర్వర్లలోనూ నడిపి ఇవే పరీక్షలు మళ్లీ చేయండి. మాకు మూడో సర్వర్ ట్రంక్‌లో 50 లేదని ఇలాగే తెలిసింది. లేకపోతే ఆ సర్వర్‌కు కెమెరాల వీఎం మారిన రోజున తెలిసేది.

రెండో ప్లాంటు ఉంటే

ముత్తుకూరు వైపు ఇంకో ప్లాంటు ఉండి, రెండు చోట్లా ఒకే వీనెట్ కావాలంటే వీల్యాన్ జోన్ చాలదు, వీఎక్స్‌ల్యాన్ జోన్ కావాలి. దాని సంఖ్యకు 24 బిట్లు, కోటిన్నరకు పైగా నెట్‌వర్కులు. ప్రతి ప్యాకెట్‌కూ 50 బైట్ల కవరు తొడిగి 4789 యూడీపీ పోర్టు మీద పంపుతుంది కనుక వీఎంల ఎంటీయూను (ఒక ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం) 1450కి తగ్గించాలి. తగ్గించకపోతే చిన్న పేజీలు వస్తాయి, పెద్ద ఫైళ్లు మధ్యలో ఆగిపోతాయి. వీఎక్స్‌ల్యాన్ దేన్నీ రహస్యం చేయదు, కాబట్టి ప్లాంట్ల మధ్య వైర్‌గార్డ్ లేదా ఐపీసెక్ సొరంగం ముందు వేసి దాని లోపల నడపండి. అప్పుడు ఆ కవరుకు కూడా చోటు వదలాలి, ఎంటీయూ ఇంకా తగ్గుతుంది. నిజానికి రెండు చోట్లా ఒకే వీనెట్ ఎందుకు కావాలో ముందు అడగండి. చాలాసార్లు వేర్వేరు నెట్‌వర్కులు, మధ్యలో ఒక సొరంగం, రెండు రూల్స్ సరిపోతాయి. ఒక ప్లాంటులోని రోగం రెండోదానికి పాకకుండా ఉంటుంది కూడా.

రోజువారీగా చూడాల్సినవి

బ్యాకప్ సర్వర్‌ను 10వ నెట్‌వర్క్‌లోనే ఉంచండి. వీఎంల బ్యాకప్ తీసేది ప్రాక్స్‌మాక్స్ సర్వర్లే కాబట్టి ఏ వీఎంకూ బ్యాకప్ సర్వర్‌కు దారి అక్కర్లేదు. వీఎంను ఆక్రమించి ఫైళ్లకు తాళం వేసేవాడు మొదట వెతికేది బ్యాకప్‌నే, అది వాడికి కనబడకూడదు.

ఓపీఎన్‌సెన్స్ నిషేధపు రూల్స్ రాసే లాగ్‌ను వారానికోసారి చదవండి. 40 నుంచి 30కి పదే పదే తలుపు తడుతున్న పరికరం కనబడితే, మీ కాగితంలో ఒక గడి తప్పైనా అయి ఉండాలి, ఆ పరికరంలో ఏదో చేరైనా ఉండాలి. కనుక్కోకుండా రూల్ తెరవకండి. తాత్కాలికంగా తెరిచిన ప్రతి రూల్‌కూ ఎవరు అడిగారు, ఎందుకు, ఏ తేదీన మూయాలి అన్నది వివరణ గడిలో రాయండి.

సర్వర్ గదిలో ర్యాక్ తలుపు లోపలివైపు మేము మూడు కాగితాలు అంటించాం: మొదటి మెట్టు పట్టిక, స్విచ్‌లో ఏ పోర్టుకు ఏ తీగ అన్న జాబితా, ఓపీఎన్‌సెన్స్ వీఎం లేవకపోతే ఏం చేయాలో నాలుగు పంక్తులు. ఆ నాలుగు పంక్తులు ఇవి. స్విచ్ 24వ పోర్టు ఎప్పుడూ 10లో యాక్సెస్ పోర్టుగా ఉంటుంది, ర్యాక్ అడుగు అరలో ఉన్న ల్యాప్‌టాప్‌ను దానికి తగిలించండి. ల్యాప్‌టాప్‌కు 10.20.10.250 స్థిర అడ్రసు ఉంది, అది మేనేజ్‌మెంట్ సెట్‌లో చేరి ఉంది. బ్రౌజర్‌లో మొదటి సర్వర్ 8006 పోర్టు తెరవండి. ఓపీఎన్‌సెన్స్ వీఎం రాత్రి బ్యాకప్‌ను రెండో సర్వర్‌లో కొత్త నంబరుతో పునరుద్ధరించి, పాతది ఆగి ఉందని చూసుకున్నాకే దీన్ని మొదలుపెట్టండి.